పొద్దుబొమ్మ

మాత్ర పేరు చెప్పను.
కేసు నడుస్తోంది, వకీలు వద్దన్నాడు.
తెల్లగా ఉంటుంది, నడుమ ఒక గీత,
సగానికి విరిస్తే చప్పుడైనా చెయ్యదు.
బీపీకి.

మొదటి ప్రతివాది కంపెనీ.
రెండో ప్రతివాదిని నేను,
కేజీహెచ్ డౌన్‌లో ఎనిమిదడుగుల మందుల కొట్టు.
వానొస్తే నా రేకు కింద
సగం ఆసుపత్రి నిలబడుతుంది.

ఫిర్యాదీ వాసుపల్లి పరదేశమ్మ.
ఫిషింగ్ హార్బర్ వెనక నెత్తళ్ళు ఎండబెడుతుంది.
పదకొండేళ్ళు, నెలకి మూడు స్ట్రిప్పులు, నా చేత్తోనే.
ఆవిడిచ్చే నోటుకి ఉప్పంటుకుని ఉండేది,
గల్లాపెట్టె ఆ మూలే తుప్పు పట్టింది.

ముక్కు పక్కన మానని పుండు.
మొదట్లో ఈగ వాలిందనుకుని తోలేదట.
తర్వాత చెవి తమ్మె మీద ఇంకొకటి.
ముక్క కోసి పరీక్షకి పంపారు,
ముక్క తిరిగి రాలేదు, కాగితం వచ్చింది.

కమిషన్ హాల్లో ఫ్యాను కింద
ఒక్క మాట మీద మూడు వాయిదాలు నడిచాయి.
"సంబంధం ఉండవచ్చు" అని డాక్టరు రాసిన మాట.
ఉండవచ్చంటే ఉందనే కదా అని ఈవిడ వకీలు,
లేకపోనూవచ్చు అని కంపెనీ వకీలు.
ఏ పక్క పట్టుకున్నా కరిచే పీతలా
ఆ మాట బల్ల మీదే ఉంది.

కంపెనీ వకీలు విమానంలో వచ్చాడు.
మంచివాడే, మెల్లగా మాట్లాడతాడు.
"నలభై ఏళ్ళు ఎండలో పనిచేసిన మనిషి.
కారణం మా మాత్ర కాదు, సూర్యుడు."
పరదేశమ్మ లేచింది.
"అలాగైతే ఆ సూరీడికీ ఓ నోటీసు అంపండి బాబూ.
రోజూ డూటీకొస్తాడు,
ఇల్లు తెలీదనడానికి నేదు."
అధ్యక్షుడు నవ్వాపుకోడానికి నీళ్ళు తాగాడు.

పెట్టెలో చీటీ ఉంటుంది. అది నాకు తెలుసు.
ఎనిమిది మడతలు, చీమ తలలంత ఇంగ్లీషు అక్షరాలు,
ఎండ జాగ్రత్త అని ఎక్కడో అడుగు వరసలో.
పది స్ట్రిప్పులకి ఒక్క చీటీ.
స్ట్రిప్పులు జనానికి, చీటీ చెత్తబుట్టకి.
అబద్ధమెందుకు, ఒకదాన్ని మడిచి
బల్ల కాలు కింద పెట్టాను, ఊగకుండా.
ఇప్పటికీ ఊగదు.

బిల్లులు చూపించమన్నారు.
బిల్లొద్దంటే రూపాయి తగ్గిస్తానని
అమ్మినవాణ్ణి నేను.
బిల్లు లేకపోతే కొన్నట్టు కాదు,
కొనకపోతే మింగినట్టు కాదు,
మింగకపోతే ఆ పుండు ఎవరిదో.
నా వకీలు బల్ల కింద నా మోకాలు తట్టాడు,
బయటపడ్డాం అన్నట్టు.

అప్పుడు ఆవిడ సంచిలోంచి బిస్కట్ల డబ్బా తీసింది.
ఖాళీ స్ట్రిప్పులు, దారానికి గుచ్చినవి.
వెండికాగితం తళతళకి కాకులు బెదురుతాయని
చేపల మీద తోరణంలా కట్టేదట.
ఉప్పుగాలికి కొన్ని నల్లబడ్డాయి.
ప్రతిదాని వీపు మీదా బాల్‌పెన్ను బొమ్మ,
ఒక సున్న, చుట్టూ గీతలు.

చదువు రానివాళ్ళకి అలాగే గీస్తాం.
రాత్రికి నెలవంక, పొద్దున్నకి సూర్యుడు.
ఈ మాత్ర పొద్దున్నే వేసుకోవాలి,
రాత్రయితే మాటిమాటికీ లేవాల్సొస్తుంది.

"ఇది మీరు గీసిందేనా?"

నా సూర్యుడికి ఎప్పుడూ ఏడే గీతలు.
ఎనిమిదోది గీసేలోపు
ఇంకో చెయ్యి ఇంకో చీటీ చాస్తుంది.
నా వకీలు గొంతు సవరించుకున్నాడు.
అవునన్నాను.

ఎండ జాగ్రత్త అని చెప్పాల్సిన చోట
ఎండనే గీసిచ్చానని అప్పుడు తట్టింది.
అది ఎవరూ అడగలేదు,
రికార్డులోకి ఎక్కలేదు.

తీర్పు రాలేదు. వాయిదా ఇరవైమూడుకి.

నిన్న దీపాలేళ పరదేశమ్మ కొట్టుకొచ్చింది.
ముక్కు మీద కట్టు, కొత్త చీటీ, వేరే మాత్ర.
ఇంకే కొట్టూ దొరకలేదా అని అడగబోయి ఊరుకున్నాను.
బిల్లు రాశాను, తారీకు వేశాను, రెండు ప్రతులు.
స్ట్రిప్పు తిరగేసి
పెన్ను ఆనించి ఆగిపోయాను.

"ఏటి బాబూ అలా సూస్తన్నావు?
పొద్దుబొమ్మ గియ్యి.
నేకపోతే నాకెలా తెలుస్తాది?"